తొమ్మిది వందల పదిహేడు బంతులు

మలక్‌పేట్‌లో ఆఫీసు అనగానే అందరూ "అబ్బ, మెట్రోలో వెళ్ళొచ్చు, అదృష్టవంతుడివి" అంటారు. ఆ మలక్‌పేట కాదండీ బాబూ. నాది లాల్‌గడి మలక్‌పేట్. శామీర్‌పేట దాటి, రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు వెళ్తుంటే జీనోమ్ వ్యాలీ దగ్గర వస్తుంది. చుట్టూ మందుల కంపెనీలు, మధ్య మధ్యలో ఇంకా మిగిలిన పొలాలు, ప్లాట్లు కొట్టి వదిలేసిన ఖాళీ జాగాలు. అక్కడ ఒక కంపెనీలో ల్యాబుల డేటా దాచే సాఫ్టువేరు రాయడం నా పని. వారమంతా కూర్చుని చేసే పని కాబట్టి శనాదివారాలు క్రికెట్టు. ఈ టపా మొదలయ్యేది ఆ క్రికెట్టు దగ్గరే కానీ, ఇండోరు, లాస్ ఏంజిలిస్, టెక్సాస్ తిరిగి మళ్ళీ ఇక్కడికే వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

మా టీములో ఎక్కువమంది సాఫ్టువేరు, ఫార్మా జనం. ముప్పై దాటినవాళ్ళూ, దాటబోయేవాళ్ళూ. అందరికీ బ్యాటింగే కావాలి. బౌలింగ్ అనేసరికి ఒకడికి నడుము, ఇంకొకడికి మోకాలు. ఆ లోటు తీర్చడానికి ఊళ్ళో ఒక కుర్రాడు దొరికాడు. తొమ్మిదో తరగతి, పద్నాలుగేళ్ళు. సన్నగా వెదురుబద్దలా ఉంటాడు గానీ, వాడు పరుగెత్తుకొస్తుంటే మా కీపరు తనంతట తనే రెండడుగులు వెనక్కి జరుగుతాడు. పేరు రాయను. కెప్టెన్ని నేనే (గ్రౌండు బుక్ చేసేదీ, డబ్బులు వసూలు చేసేదీ నేనే కాబట్టి. అంతకుమించి అర్హత లేదు).

ఒక ఆదివారం వాడు మంచినీళ్ళ సీసా ఎడమ చేత్తో అందుకోవడం చూశాను. కాసేపాగి ఎడమ చేత్తోనే తల దువ్వుకున్నాడు. వాడిది కుడిచేతి వాటం.

"ఏరా, చెయ్యి నొప్పా?" అన్నాను.

"ఏం లేదన్నా, జర గుంజుతుంది గంతే. మందు రాస్తే పోతది."

అవతలి వాళ్ళకి రెండు ఓవర్లలో పదిహేను పరుగులు కావాలి. నేనేం చేశానో చెప్పనా? "అయితే ఈ ఒక్క ఓవరు వెయ్యరా" అని బంతి చేతిలో పెట్టాను. వేశాడు. మేం గెలిచాం.

ఇంటికెళ్ళాక ఎందుకో లెక్క వేసి చూశాను. శనివారం సాయంత్రం నెట్స్‌లో మా అందరికీ కలిపి 104 బంతులు. ఆదివారం పొద్దున మా మ్యాచ్‌లో వైడులతో కలిపి 27. మధ్యాహ్నం ఊరి టీముకి 24. సాయంత్రం మళ్ళీ ప్రాక్టీసు పేరుతో 60. మొత్తం 215. రెండు రోజుల్లో. పద్నాలుగేళ్ళ చెయ్యి. సర్వరు మీద ఇంత లోడు పడితే మనకి అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. వాడి భుజానికి అలాంటి అలారమేదీ లేదు. వాడిచ్చిన ఒకే ఒక్క అలారం "జర గుంజుతుంది" అన్న మాట. దాన్ని నేను మ్యూట్ చేశాను.

మనకి అలవాటే కదా, ఏదన్నా పగిలితే ముందు లాగులు తవ్వడం. అలా తవ్వుతూ పోతే బంతి విసిరేవాళ్ళ చేతుల చరిత్ర ఒకటి బయటపడింది. అందులో మన తెలుగువాళ్ళు ఇద్దరు తగిలారు. ఒకరు ఎనభై ఏళ్ళ కిందటివారు, ఇంకొకరు ఇప్పటివాడు.

మొదటాయన సి.ఎస్. నాయుడు. పూర్తి పేరు కొఠారి సుబ్బన్న నాయుడు. భారత జట్టు మొదటి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడుకి తమ్ముడు. నాగపూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. 1914లో పుట్టాడు. లెగ్ స్పిన్నరు. 1942-43 సీజన్లో బరోడా తరఫున 40 వికెట్లు తీశాడు. రంజీ ట్రోఫీలో ఒక సీజన్లో 40 వికెట్లు తీసిన మొదటి బౌలరు ఆయనే. కానీ ఆయన పేరు రికార్డు పుస్తకాల్లో ఇప్పటికీ నిలిచి ఉన్నది ఇంకో కారణానికి.

1945 మార్చి, బొంబాయి బ్రబోర్న్ స్టేడియం. రంజీ ఫైనలు, బొంబాయి మీద హోల్కర్. హోల్కర్ అంటే ఇండోరు సంస్థానం జట్టు. బొంబాయి మొదటి ఇన్నింగ్సులో 462, రెండో ఇన్నింగ్సులో 764. విజయ్ మర్చంట్ ఒక్కడే 278. యుద్ధం పుణ్యమా అని మన దేశంలో ఉన్న ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కర్ తరఫున ఆడి 249 కొట్టి నాటౌటుగా మిగిలాడు. అయినా హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ మ్యాచ్‌లో సి.ఎస్. నాయుడు వేసిన ఓవర్లు: మొదటి ఇన్నింగ్సులో 64.5, రెండోదానిలో 88. మొత్తం 152.5 ఓవర్లు, 917 బంతులు. 428 పరుగులిచ్చి 11 వికెట్లు. ఒక ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లో ఇన్ని బంతులు వేసినవాడు ప్రపంచంలో ఇంకొకడు లేడు. ఇంతవరకూ లేడు.

ఈ స్కోరుకార్డు గురించి చదివిన ప్రతిసారీ "ఆహా, ఏం ఓర్పు!" అనుకునేవాడిని. ఈసారి మాత్రం ఇంకో విషయం పట్టుకుంది. ఆ మ్యాచ్‌లో హోల్కర్ కెప్టెన్ ఎవరనుకున్నారు? సి.కె. నాయుడే. అంటే 917 సార్లు తమ్ముడి చేతికి బంతి వెళ్తుంటే, ఇంక చాలు అనగలిగే స్థానంలో ఉన్నది సొంత అన్న. అన్న చెడ్డవాడని కాదు నేననేది. అప్పటికి సి.కె.కి 49 ఏళ్ళు, ఆ వయసులో తనూ ఆడుతున్నాడు. 1932లో లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టులో చేతికి దెబ్బ తగిలినా బ్యాటు పట్టి 40 పరుగులు చేసినవాడు. మొదటి ఇన్నింగ్సులో మనవాళ్ళలో అదే ఎక్కువ స్కోరు. తన నొప్పిని లెక్కచెయ్యని మనిషి. అలాంటి మనిషికి ఎదుటివాడి నొప్పి కూడా లెక్కలోకి రాకపోవడం పెద్ద వింతేం కాదు. నొప్పిని దాచుకోవడం మగతనం, ఓర్పు, క్రమశిక్షణ అని అందరూ నమ్మిన రోజులు.

"మరి సి.ఎస్.కి ఏమీ కాలేదు కదా?" అని మీరడగొచ్చు. నిజమే. 1961 దాకా ఫస్ట్ క్లాస్ ఆడాడు. 2002లో పోయేనాటికి 88 ఏళ్ళు. కానీ రెండు విషయాలు. ఒకటి, స్పిన్నరు చేతి మీద పడే భారం, ఫాస్ట్ బౌలరు మీద పడే భారం ఒకటి కాదు. రెండు, ఆయన చెయ్యి నిలబడింది కాబట్టే ఆ అంకె ఒక ఘనతగా మనదాకా వచ్చింది. పద్నాలుగేళ్ళకే భుజం పోగొట్టుకుని ఆట మానేసినవాళ్ళ అంకెలు ఏ పుస్తకంలోనూ ఉండవు. నిలబడ్డ సర్వర్లని మాత్రమే చూసి మన డిజైను భేషుగ్గా ఉందనుకోవడం లాంటిదే ఇది.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. బేస్‌బాల్‌లో మన బౌలరు లాంటివాడిని పిచ్చర్ అంటారు. తేడా ఏంటంటే మనకి మోచెయ్యి 15 డిగ్రీలకి మించి చాపకూడదని నియమం. వాళ్ళకి అలాంటిదేమీ లేదు. చెయ్యి వంచి కొరడాలా విసురుతారు. అందుకే మన ఫాస్ట్ బౌలర్లకి ఎక్కువగా నడుము ఎముకలో చీలిక వస్తే, వాళ్ళకి మోచేతి లోపలివైపు ఉండే లిగమెంటు తెగుతుంది.

అక్కడా మొదట్లో ఓర్పే మందు. లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌లో శాండీ కోఫాక్స్ అని ఎడమచేతి పిచ్చర్ ఉండేవాడు. 1965 సీజన్ మొదలవక ముందే ఆయన చెయ్యి నల్లగా కమిలిపోయింది, మోచేతిలో ఆర్థ్రైటిస్. ఇంజెక్షన్లు, మంట పుట్టించే పూతమందులు, ఆట అయ్యాక ఐసునీళ్ళు. వీటితోనే ఆ ఏడాది 335 ఇన్నింగ్సులకి పైగా వేశాడు. తర్వాతి ఏడాది 27 విజయాలు సాధించి, 1966 నవంబరులో ఆట మానేశాడు. అప్పటికి 30 ఏళ్ళు. ఆట పరాకాష్ఠలో ఉండగా వెళ్ళిపోయాడు, ఎందుకంటే మిగిలిన జీవితమంతా ఆ చెయ్యి కావాలి కాబట్టి. నాకైతే ఆయన వేసిన ఇన్నింగ్సుల కన్నా ఈ నిర్ణయమే పెద్దదనిపిస్తుంది.

ఎనిమిదేళ్ళ తర్వాత అదే జట్టులో టామీ జాన్ అనే ఇంకో ఎడమచేతి పిచ్చర్‌కి ఆ లిగమెంటు తెగింది. అప్పటిదాకా అది తెగితే కెరీరు అయిపోయినట్టే. 1974 సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్, ఆయన కుడి ముంజేతిలోంచి ఒక స్నాయువు తీసి ఎడమ మోచేతిలో లిగమెంటు స్థానంలో కట్టాడు. నూటికి ఒక్క వంతు అవకాశం ఉందన్నాడట. (మీకూ ఆ స్నాయువు ఉందేమో చూసుకోండి. బొటనవేలు, చిటికెన వేలు కలిపి మణికట్టు కొంచెం లోపలికి వంచండి, మధ్యలో తాడులా లేస్తుంది. కొంతమందికి పుట్టుకతోనే ఉండదు, కంగారు పడకండి.) టామీ జాన్ 1975 అంతా ఆడలేదు. 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. ఆపరేషన్ తర్వాతే 164 విజయాలు. ఇప్పుడు ఆ ఆపరేషన్‌కి ఆయన పేరే స్థిరపడిపోయింది.

ఇంతవరకూ బాగుంది. కానీ బాగుచేసే దారి దొరికితే మనుషులు ఏం చేస్తారో మనకి తెలుసు కదా. బ్యాకప్ ఉంది కదా అని ప్రొడక్షన్‌లో ప్రయోగాలు చేస్తారు. స్కూలు పిల్లలకి కూడా ఈ ఆపరేషన్లు మొదలయ్యాయి. అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పిల్లల మీద అధ్యయనాలు చేశారు. 2006లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, చెయ్యి అలసిపోయాక కూడా తరచూ విసిరే పిల్లలకి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 36 రెట్లు. 2011లో వచ్చిన ఇంకోదానిలో 481 మంది పిల్లలని పదేళ్ళు గమనించారు. ఏడాదికి 100 ఇన్నింగ్సులు దాటినవాళ్ళకి తీవ్రమైన గాయం అయ్యే అవకాశం 3.5 రెట్లు. అంటే ఎంత విసిరాడన్నది ముఖ్యమే, కానీ అలసిపోయాక విసరడం అంతకన్నా ప్రమాదం. "జర గుంజుతుంది" అన్నాక వేసిన ఆ ఒక్క ఓవరు గుర్తొచ్చింది నాకు.

అందుకే వాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 2007 నుంచి లిటిల్ లీగ్ పిల్లల ఆటల్లో బంతుల లెక్క నియమం వచ్చింది. 2014లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 13-14 ఏళ్ళ పిల్లాడు రోజుకి 95కి మించి విసరకూడదు. 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. క్రికెట్టులో కూడా ఇంగ్లండు బోర్డు అండర్-15 ఫాస్ట్ బౌలర్లకి ఒక స్పెల్లులో 6 ఓవర్లు, రోజుకి 12 ఓవర్లు అని ఏళ్ళ తరబడి హద్దు పెట్టింది. 12 ఓవర్లంటే 72 బంతులు. మావాడు శనివారం 104, ఆదివారం 111. ఏ లెక్కన చూసినా తప్పించుకునే దారి లేదు నాకు.

ఇక రెండో తెలుగువాడు. కుమార్ రాకర్. 1999లో పుట్టాడు. నాన్న ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. అమ్మ లలిత, ఆవిడ తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళు. 2019 జూన్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదిలోనే, డ్యూక్ మీద ఒక్క హిట్టు కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకవుట్ చేశాడు. అమెరికా మొత్తం అతని గురించే మాట్లాడుకుంది. ఆ రోజు అతను విసిరిన బంతులు 131. వయసు 19.

2021లో న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో స్థానంలో ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకి మాట కుదిరింది. తర్వాత వైద్య పరీక్షలు చేశారు. ఆ పరీక్షలు చూసి క్లబ్బు వెనక్కి తగ్గింది, ఆగస్టు 1 గడువు దాటిపోయింది, సంతకం లేదు. అతని ఏజెంటు స్కాట్ బోరాస్ మాత్రం కుర్రాడు ఆరోగ్యంగానే ఉన్నాడని వాదించాడు. మన భాషలో చెప్పాలంటే ఆఫరు లెటరు వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ చెక్కులో పోవడం. కాకపోతే ఇక్కడ చెక్ చేసింది ఒంటిని, అదీ దేశమంతా చూస్తుండగా.

ఆ సెప్టెంబరులో భుజానికి చిన్న ఆపరేషన్. 2022లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న జట్టుకి ఆడి 20 ఇన్నింగ్సుల్లో 32 స్ట్రైకవుట్లు. అదే జూలైలో టెక్సాస్ రేంజర్స్ అతన్ని ఏకంగా మూడో స్థానంలో ఎంచుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. కథ సుఖాంతం అనుకునేలోపు 2023 మేలో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్. ఏడాదికి పైగా విరామం. చివరికి 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. 4 ఇన్నింగ్సులు, 7 స్ట్రైకవుట్లు. 2025లో మళ్ళీ భుజం ఇబ్బంది పెట్టి కొన్ని వారాలు కూర్చోబెట్టింది.

ఈ కథ నన్ను కొంచెం తికమక పెట్టింది. అప్పటిదాకా నా తీర్పు తేలిగ్గా ఉంది: 1945లో లెక్కపెట్టలేదు, తప్పు. ఇప్పుడు లెక్కపెడుతున్నారు, ఒప్పు. కానీ రాకర్ విషయంలో లెక్కలకీ స్కానులకీ లోటేం లేదు. అవి ఆ చెయ్యిని కాపాడ్డానికి వాడారా, ధర కట్టడానికి వాడారా అన్నదే ప్రశ్న. చెయ్యిలో లోపం ఉందని తెలిస్తే కోట్లు పోతాయన్నప్పుడు ఏ కుర్రాడైనా నొప్పి ఉందని నోరు విప్పుతాడా? జ్వరంతో ఉండి కూడా "ఐయామ్ ఫైన్" అని కాల్‌లో చేరే మనకి ఇది ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ సంగతే చూడండి. 2025లో ఇంగ్లండులో అయిదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు, అంటే 1113 బంతులు వేశాడు. 23 వికెట్లు. ఆగస్టు 4న ఓవల్‌లో చివరి వికెట్టు తీసి 6 పరుగులతో గెలిపించాడు. అదే సిరీస్‌లో, 2023లో నడుముకి ఆపరేషన్ అయిన బుమ్రా మూడు టెస్టులే ఆడాడు. వెంటనే ఒకడు నిజమైన వీరుడనీ, ఇంకొకడు సుకుమారుడనీ మన ఆఫీసు క్యాంటీన్లలో కూడా తీర్పులు వచ్చేశాయి. నేనూ ఒకటిచ్చాను, అబద్ధమెందుకు. సిరాజ్‌ని మెచ్చుకోవడం తప్పు కాదు, ఆ పొద్దున నేనూ ఎగిరి గంతేశాను. కానీ సిరాజ్‌ని మెచ్చుకోడానికి బుమ్రాని తిట్టడం వింటూ పెరిగిన కుర్రాడు, చెయ్యి గుంజుతోందని కెప్టెన్‌కి ఎందుకు చెప్తాడు? చెప్పినా "జర" అనే చెప్తాడు.

చరిత్రంతా చూశాక నాకర్థమైంది ఇంతే. బంతి వేసేవాడు తన నొప్పికి మంచి సాక్షి కాదు, వాడికి వెయ్యాలని ఉంటుంది కాబట్టి. బంతి ఇచ్చేవాడు అసలు కాదు, వాడికి గెలవాలని ఉంటుంది కాబట్టి. అందుకే అంకె కావాలి. ఆ అంకె బౌలరు పక్షాన ఉండాలి. అంటే అది దాటితే ఆపాలి, అంతేగానీ ఆగినందుకు వాడి చోటు పోకూడదు.

మేడ్చల్‌లో ఒక ఎముకల డాక్టరుకి చూపించాం. ఆ వయసులో ఎముక చివర ఇంకా ఎదుగుతున్న మెత్తటి భాగం ఉంటుందట. భుజం దగ్గర అది ఒత్తిడికి దెబ్బతింది. తెగినవేం లేవు, కానీ మూడు నెలలు బంతి వెయ్యొద్దన్నాడు. వాళ్ళ నాన్న ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. "సెలక్షన్లు ఉన్నయి గద సార్, మూడు నెలలంటే ఎట్ల?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో, లెక్క ఉంది. ఆ ఏడాది సెలక్షన్లు పోయాయి. పోయింది నేనిచ్చిన ఓవరు వల్లేనా, అంతకుముందు అందరం వేయించుకున్న వందల బంతుల వల్లా అంటే నేను చెప్పలేను. నా ఓవరు అందులో ఉంది, అది మాత్రం తెలుసు. ఆ మాట ఆయనతో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. టీ తాగి వెళ్ళమన్నాడు.

ఇప్పుడు మా టీములో ఒక నోటుబుక్కు ఉంది. నెట్స్‌తో సహా ఎవరు ఎన్ని వేశారో రాస్తాం. పద్దెనిమిది లోపు వాళ్ళకి రోజుకి 72, ఆ పైన మ్యాచ్ ఏమైపోయినా సరే. ఈ నియమం పెట్టాక రెండు మ్యాచ్‌లు ఓడిపోయాం, ఒకడు అలిగి వేరే టీముకి వెళ్ళిపోయాడు. ఆ మూడు నెలలూ ఆ పుస్తకం మావాడి చేతికే ఇచ్చాను. బౌండరీ దగ్గర కూర్చుని గీతలు గీసేవాడు. బౌలర్లు లేక గత్యంతరం లేని ఒక శనివారం నెట్స్‌లో నేనే బంతి పట్టుకున్నాను. అయిదో ఓవరు మొదలుపెట్టేసరికి అక్కణ్ణుంచే కేకేశాడు.

"అన్నా, భుజం పట్టుకుంటున్నవ్. బంద్ జెయ్యి ఇగ!"

బంతి ఇచ్చేసి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను.